పాత కంప్యూటరులలో సరకు నడుచు దారి

పంచాయతీ కార్యాలయమునందో, ఉన్నత పాఠశాలయందో మూలబడియున్న పాత కంప్యూటరు సంగతి సమావేశమున చర్చకు వచ్చినపుడు, "ప్రాసెసరు మార్చిన చాలును, యంత్రము కొత్తదగును" అని చెప్పువారుందురు. ఈ మాట సగమే నిజము. పంచాయతీ ధనమును వెచ్చించుటకు ముందు తక్కిన సగమును సభ్యులు తెలిసికొనుట అవసరము.

ప్రాసెసరనగా లెక్కలు చేయు భాగము. అది తనకడ దాచుకొనగలిగినది మిక్కిలి స్వల్పము. ఇంటిపన్ను జాబితాలోని అంకెలు మెమొరీనుండి దానికడకు రావలెను. ఫలితము తిరిగి పోవలెను. ఈ రాకపోకలకై అమర్చిన తీగల వరుసకే "బస్సు" అని పేరు. కావలినుండి నెల్లూరు పోవు బస్సునకును దీనికిని పేరు ఒకే లాటిను పదమునుండి వచ్చినది. ఆ పదమునకు "అందరికొరకు" అని అర్థము. పాత యంత్రములలో మెమొరీ, డిస్కు, తెర మొదలైనవన్నియు ఒకే దారిని పంచుకొనెడివి. ఒకదాని సరకు నడుచుచుండగా మరియొకటి ఆగవలసినదే.

బకింగుహాము కాలువ నెరిగిన మన తీరవాసులకు ఇది సులభముగ బోధపడును. ఒకప్పుడు ఈ కాలువపై ఉప్పు, వంటచెరకు పడవలలో చెన్నపట్టణమునకు పోయెడివి. ఉప్పు కొఠారువద్ద నూరుగురు కూలీలున్నను, పడవ పట్టినంత సరకే పోవును. లాకు తలుపులు తెరచువరకు ఆ పడవయు కదలదు. ఒక్కసారికి ఎన్ని బిట్లు పోగలవో అది బస్సు వెడల్పు. అది పడవ పరిమాణము వంటిది. గడియార వేగము లాకు తలుపుల వంటిది.

1981 ఆగస్టులో ఐబీఎం సంస్థ వెలువరించిన పర్సనల్ కంప్యూటరు దీనికి మంచి నిదర్శనము. అందలి ఇంటెల్ 8088 ప్రాసెసరు లోపల 16 బిట్ల లెక్క చేయును గాని, వెలుపలి దారి 8 బిట్లదే. కావున 16 బిట్ల సరకునకు రెండు ప్రయాణములు తప్పవు. 1978 నాటి 8086 ప్రాసెసరునకు వెలుపల గూడ 16 బిట్ల దారి యున్నను, 8 బిట్ల విడిభాగములు చౌకగ దొరకుటచే ఇరుకుదారినే ఎన్నుకొనిరి. వ్యయము తగ్గించుటకు చేసిన ఈ ఏర్పాటును తప్పనలేము. ఆ యంత్రము లోకమంతట వ్యాపించినది.

చిరునామాలకు వేరే తీగలు కలవు. ఒక్కొక్క తీగ హెచ్చినకొలది మెమొరీ గదుల సంఖ్య రెట్టింపగును. 8088కు 20 తీగలు. అనగా 10,48,576 గదులు. 1984 నాటి ఏటీ యంత్రములోని 80286కు 24 తీగలు, 16 బిట్ల దారి. తరువాత ప్రాసెసరుల వేగము 33 మెగాహెర్ట్జులకు పెరిగినను, కార్డులు గ్రుచ్చు ఐఎస్ఏ బస్సు సుమారు 8 మెగాహెర్ట్జులవద్దనే నిలిచిపోయెను. పాత కార్డులు పనికివచ్చుటకై అట్లుంచవలసి వచ్చెను. 1992లో వచ్చిన పీసీఐ బస్సు 32 బిట్ల వెడల్పుతో, 33 మెగాహెర్ట్జుల వేగముతో ఈ ఇరుకును చాలవరకు తీర్చినది.

వెడల్పు తక్కువైనంతమాత్రమున యంత్రము పనికిమాలినది కాదు. 16 బిట్ల విక్రమ్ 1601 అను స్వదేశీ ప్రాసెసరు 2009 నుండి ఇస్రో రాకెట్లలో పనిచేసినది. పనికి తగిన వెడల్పు చాలును.

ఇక మన నిర్ణయము. ప్రాసెసరు నమర్చు సాకెట్టు, బస్సు వేగము, రెండును మదర్‌బోర్డుకు చెందినవి. బోర్డునకు సరిపడని ప్రాసెసరును కొనిన ఆ సొమ్ము వ్యర్థము. సరిపడినను, దారి ఇరుకైనచో ఫలము కొద్ది. యంత్రము మరీ పాతది కానిచో మెమొరీ పెంచుటయో, డిస్కు మార్చుటయో మేలు. ఐఎస్ఏ కాలపు యంత్రముపై మాత్రము పైసయు పెట్టరాదు.

అయితే అందు జనన మరణముల పట్టికలో, పన్ను లెక్కలో యుండవచ్చును. వాటికి మరియొక ప్రతి లేకపోవచ్చును! పాత డిస్కుల 40 సూదుల కేబులు నేటి బోర్డులకు తగులదు; 2003 నుండి సాటా అను సన్నని కేబులు వాడుకలోనికి వచ్చినది. యూఎస్‌బీ అడాప్టరుద్వారా పెక్కు పాత డిస్కులను కొత్త యంత్రమున చదువవచ్చును. రికార్డులను రెండుచోట్ల భద్రపరచి, సరిచూచి, పిదప డిస్కును పూర్తిగ తుడిపింపవలెను. పాత సామాను కొనువానికి తూకమునకు అమ్మక, 2023 ఏప్రిల్ 1 నుండి అమలులోనున్న ఈ-వ్యర్థముల నిబంధనల ప్రకారము నమోదైన సంస్థకే యంత్రము నప్పగింపవలెను.