మీకు తెలుసా? ఆపేసిన ఏసీలోనూ షాక్ పొంచి ఉంటుంది

గదిలో గాలి వస్తోంది, చల్లదనం లేదు. బయటి యూనిట్ దగ్గర చెవి పెడితే ‘గుయ్’మని మూలుగు, కాసేపటికే టక్కున ఆగిపోవడం. ఇన్వర్టర్ కాని ఏసీల్లో చాలాసార్లు ఇది కంప్రెసర్ జబ్బు కాదు, గ్లాసంత కెపాసిటర్‌ది. దానిమీద 50 మైక్రోఫారాడ్, ±5% అని ఉంటే, వైర్లు విప్పి మల్టీమీటర్‌తో చూసినప్పుడు 47.5–52.5 మధ్య రావాలి. 40 చూపిస్తే మార్చాల్సిందే. పైమూత ఉబ్బి ఉంటే మీటరు కూడా అక్కర్లేదు.

అన్నిటికంటే ముఖ్యం, మెయిన్ ఆపేశాక కూడా కెపాసిటర్‌లో విద్యుత్ నిల్వ ఉండిపోవచ్చు. ముట్టుకుంటే గట్టి షాక్ కొడుతుంది. స్క్రూడ్రైవర్ అడ్డం పెట్టి టెర్మినళ్లు కలపడం ప్రమాదం. తగిన రెసిస్టర్‌తోనే డిశ్చార్జి చేయాలి. ఆ పని రాకపోతే దయచేసి మెకానిక్‌నే పిలవండి.