‘రైతు’ ఎందుకు దొరకలేదు?

మా నాయన వేరుశెనగ సాగు లెక్కలను మిత్రుని కంప్యూటరులో ‘రైతు’ అనే పేరుతో రాసి, నా దాంట్లోకి తెచ్చుకున్నాను. బ్యాంకుకు పోవాల్సిన పొద్దు ఎడిటరులో అదే పేరు కొడితే ఫైలు లేదంది! జాబితాలో మాత్రం కళ్ళెదుటే ఉంది.

కారణమేమంటే, యూనికోడులో ఐత్వాన్ని రెండు విధాల రాయవచ్చు: మొత్తానికి ఒకే సంకేతంగా, లేదా ఎత్వమూ కింది గుర్తూ వేర్వేరు సంకేతాలుగా. కంటికి రెండూ ఒకటే. యుటిఎఫ్-8లో మాత్రం మొదటి ‘రైతు’ 12 బైట్లు, రెండవది 15. ఫ్రెంచివారి గుర్తుల అక్షరాలకూ ఇదే తిప్పలు.

పోల్చేముందు రెంటినీ ‘ఎన్.ఎఫ్.సి.’ అనే ఒకే రూపానికి తేవడం ఎడిటరు పని. అది చేయని ఎడిటరయితే, పేరు కొట్టక జాబితాలోంచే ఎంచుకోండి. నేనట్లే చేసి ఆపొద్దు గట్టెక్కాను.