కొల్లేరు హద్దు ఎక్కడ?

కృష్ణా గోదావరీ డెల్టాల నడుమ పల్లమున ఉన్న కొల్లేటికి హద్దు ఎక్కడ? సముద్రమట్టానికి అయిదడుగుల ఎత్తువరకు, అనగా 308 చదరపు కిలోమీటర్ల మేర, ప్రభుత్వం 1999లో దీనిని అభయారణ్యంగా ప్రకటించింది. 2006లో ఆ హద్దులోని చేపల చెరువుల గట్లను తెగగొట్టినారు. నీటికి త్రోవ దొరికినది. చెరువుపనినే నమ్ముకొన్న పేదలకు మాత్రం పూట గడవడం కష్టమైనది. హద్దును మూడవ కాంటూరుకు తగ్గించవలెనన్న వాదం నాటినుండి వింటూనే ఉన్నాము.

కాని నీరు కాంటూరును ఎరుగదు. మెట్టప్రాంతం నుండి బుడమేరు, తమ్మిలేరు దిగివస్తవి; డెల్టా మురుగుకాలువలు పొలాలలో చల్లిన మందులను కూడ మోసుకొనివస్తవి. బుడమేరు పొంగిన నాడు ఏమగునో 2024 సెప్టెంబరులో విజయవాడ చూచినది. ఇంత నీటికీ సముద్రానికి పోవు దారి ఉప్పుటేరు ఒక్కటే. అది పూడినచో పైపొలాలు మునుగును. వేసవిలో సరస్సు తగ్గినచో ఉప్పునీరు దానివెంటనే ఎగబ్రాకును.

అభయారణ్యం అటవీశాఖది, ఏరులు నీటిపారుదలశాఖవి, చెరువులు మత్స్యశాఖవి, మురుగు పట్టణాలది. ఈ యావత్తు పరీవాహాన్ని ఒక్కటిగా చూచి, అందు బ్రతుకువారందరినీ కూర్చోబెట్టి నిర్ణయించడమే సమగ్ర భూభాగ నిర్వహణ. పేరు బరువైనదే, పని అంతకంటె బరువైనది. ఉప్పుటేటిపై రెగ్యులేటరు కట్టినచో ఉప్పునీరు ఆగును, సరస్సులో మంచినీరు నిలుచును. అయితే వరదవేళ దాని తలుపులు ఎప్పుడు ఎత్తవలెనో ఎగువ రైతు ఒకటి చెప్పును, సరస్సులోని జాలరి మరొకటి చెప్పును.