విండోస్ 11 వద్దన్న పాత కంప్యూటరును ఏం చేయాలి?

2025 అక్టోబరు 14తో విండోస్ 10కి మామూలుగా వచ్చే భద్రతా అప్‌డేట్లు ఆగిపోయాయి. అప్పటినుంచి మా సంఘం కార్యాలయానికి చందా కట్టడానికి వచ్చే సభ్యులు రసీదు తీసుకున్నాక కూడా కదలకుండా ఇంకో మాట అడుగుతున్నారు. "ఇంట్లో ఉన్న కంప్యూటరు విండోస్ 11 పట్టదంటోంది. పనిచేస్తూనే ఉంది కదా, పారేయాలా?" అని. హోసూరులో ఏ అంగట్లో అడిగినా ఒకటే జవాబు వస్తోంది, కొత్తది కొనమని. మా ఆఫీసు కంప్యూటరును చూసిన కుర్రాడైతే ఒక మెట్టు పైకి వెళ్లి, "సార్, దీన్ని గుజరీకి వేసేయండి" అన్నాడు.

అది 2014లో సభ్యుల చందాలతో కొన్న కంప్యూటరు. ఇంటెల్ నాలుగో తరం ఐ3, 4 జీబీ ర్యామ్, 500 జీబీ హార్డ్‌డిస్క్. ఈ రోజు లెక్కలో ముసలిదే. కానీ మా సభ్యత్వ రిజిస్టరు దాంట్లోనే ఉంది. తెలుగు బడులకు ఉపాధ్యాయులను వేయమని, పాఠ్యపుస్తకాలు సకాలంలో పంపమని రాసిన అర్జీలు, పదో తరగతిలో తమిళ పరీక్ష నుంచి మినహాయింపు కోరిన పిల్లల జాబితాలు, వాటికి వచ్చిన జవాబుల స్కాన్లు అన్నీ అందులోనే ఉన్నాయి. ఏ ఆఫీసుకు వెళ్లినా "పోయినసారి అర్జీ నకలు ఉందా?" అనే అడుగుతారు. నకలు లేని అర్జీ అర్జీయే కాదని మూడు దశాబ్దాలు గుమాస్తా కుర్చీలో కూర్చున్న వాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. అందుకని గుజరీ మాట పక్కన పెట్టి, అసలు కంప్యూటరు ఎందుకు వద్దంటోందో తెలుసుకునే పనిలో పడ్డాం.

విండోస్ 11 అడిగేవాటిలో ముఖ్యమైనవి ఇవి. ప్రాసెసర్ ఇంటెల్‌లో అయితే సుమారుగా ఎనిమిదో తరం, అంటే 2017 తర్వాత వచ్చినది అయి ఉండాలి. 4 జీబీ ర్యామ్, 64 జీబీ డిస్కు ఉండాలి. టీపీఎం 2.0 ఉండాలి. అది తాళంచెవులను దాచుకునే చిన్న భద్రతా భాగం. వీటితోపాటు సెక్యూర్ బూట్ పనిచేయాలి. కంప్యూటరు మొదలయ్యేటప్పుడు నమ్మదగిన వ్యవస్థ తప్ప వేరేది లేవకుండా కాపలా కాసే ఏర్పాటు అది. వీటిలో ఏది లేకపోయినా "ఈ కంప్యూటరులో విండోస్ 11 నడవదు" అన్న వాక్యమే కనబడుతుంది. ఏది తక్కువైందో చెప్పే పీసీ హెల్త్ చెక్ అనే ప్రోగ్రామును మైక్రోసాఫ్టే ఉచితంగా ఇస్తోంది. ముందు దాన్ని నడిపించి, కారణం కాగితం మీద రాసుకోండి.

ఇది ఎందుకు చెబుతున్నామంటే, మా సభ్యురాలైన ఒక విశ్రాంత టీచరమ్మ ఇంటి కంప్యూటరు మార్పిడికి వెళ్లబోయి ఆగింది. వెలకట్టడం కూడా అయిపోయింది. తీరా చూస్తే అది ఎనిమిదో తరం యంత్రమే. టీపీఎం లేకపోవడం కాదు, బయోస్‌లో ఆపేసి ఉంది. ఇంటెల్ యంత్రాల్లో దాన్ని పీటీటీ అనీ, ఏఎండీ యంత్రాల్లో ఎఫ్‌టీపీఎం అనీ పేరు పెట్టి సెక్యూరిటీ పేజీలో ఎక్కడో ఒక మూల ఉంచుతారు. ఆన్ చేయగానే విండోస్ 11 మారుమాట్లాడకుండా ఎక్కింది. పావుగంట పని.

మా ఆఫీసు యంత్రానికి అంత అదృష్టం లేదు. ప్రాసెసరే జాబితాలో లేదు. ఇలాంటి యంత్రాల్లో కూడా విండోస్ 11 ఎక్కించే అడ్డదారి ఒకటుంది. రూఫస్ అనే ఉచిత ప్రోగ్రాముతో పెన్‌డ్రైవ్ తయారు చేసేటప్పుడు, టీపీఎం, సెక్యూర్ బూట్ తనిఖీలు తీసేయాలా అని అది అడుగుతుంది. టిక్కు పెడితే సరి, ఇన్‌స్టలేషన్ ముందుకు సాగుతుంది. మేమూ ఒక విడి డిస్కులో ఇలా ఎక్కించి చూశాం. ఎక్కింది, కానీ 4 జీబీ ర్యామ్‌తో నత్తనడక. అంతకంటే ముఖ్యమైన సంగతి, ఇలా ఎక్కించిన యంత్రాలకు అప్‌డేట్లు వస్తాయన్న హామీ లేదని మైక్రోసాఫ్ట్ ముందే చెప్పింది. పిల్లవాడు ఇంట్లో చదువుకోవడానికి, ఆడుకోవడానికి అయితే అభ్యంతరం లేదు. పదిమంది చిరునామాలు, ఫోన్ నంబర్లు ఉన్న రిజిస్టరును అలాంటి దాని మీద పెట్టడానికి మాకు మనసొప్పలేదు.

ఇంకా పాత యంత్రాలున్నవారు ఈ అడ్డదారి కోసం కాలం వృథా చేసుకోవద్దు. ఒక సభ్యుడు కోర్ 2 డ్యూయో కంప్యూటరుతో ఒక ఆదివారమంతా కుస్తీ పట్టాడు. లోగో వస్తుంది, చక్రం తిరుగుతుంది, మళ్లీ మొదటికి. పెన్‌డ్రైవ్ మార్చాడు, ర్యామ్ తీసి తుడిచి పెట్టాడు. తప్పు వాటిలో లేదు. విండోస్ 11 24హెచ్2 కూర్పు నుంచి ఎస్‌ఎస్‌ఈ 4.2 అనే ఆదేశాల సమూహం ప్రాసెసరులో ఉండి తీరాలి, కోర్ 2 డ్యూయోలో అది లేదు. ఏ టిక్కు పెట్టినా లేని ఆదేశం పుట్టదు.

ఇక మేమెందుకు తొందరపడలేదో చెప్పాలి. విండోస్ 10 ఆగిపోయిందంటే కంప్యూటరు ఆగిపోయిందని కాదు. 22హెచ్2 కూర్పు ఉన్న ఇంటి కంప్యూటర్లకు, నమోదు చేసుకుంటే 2026 అక్టోబరు 13 వరకు భద్రతా అప్‌డేట్లు పొందే వీలుంది. సెట్టింగ్స్‌లో విండోస్ అప్‌డేట్ పేజీలోనే ఆ నమోదు ఉంటుంది. ఈ గడువు కొత్త కంప్యూటరు కొనడానికి కాదు, పాత దాంట్లో ఉన్నవి జాగ్రత్త చేసుకోవడానికి అని మేము అనుకున్నాం.

అక్కడే అసలు చిక్కు ఎదురైంది. మా అర్జీల్లో సగానికి పైగా అను ఫాంట్లలో టైపు చేసినవి. మీలోనూ పెళ్లిపత్రికలు, వంశవృక్షాలు, సంఘం సావనీర్లు అలా చేయించుకున్నవారు చాలామంది ఉంటారు. అను ఫైలులో నిజానికి ఉన్నవి తెలుగు అక్షరాలు కావు. ఇంగ్లీషు అక్షరాల, గుర్తుల స్థానాల్లో తెలుగు ముక్కల బొమ్మలు పెట్టిన ఏర్పాటు అది. ఆ ఫాంటు ఉన్నంతకాలమే అది తెలుగు. కొత్త వ్యవస్థ ఎక్కించి, ఫాంటు లేకుండా తెరిస్తే ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు కలగాపులగంగా కనబడతాయి. ఫైలును పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసుకున్నాం కదా అని ధీమాగా ఉంటే చాలదు. యూనికోడ్‌లో టైపు చేసినవాటికి ఈ బెడద లేదు. గౌతమి ఫాంటు లేకపోతే ఇంకో తెలుగు ఫాంటులో కనబడతాయి, మహా అయితే పేజీలు కాస్త అటూ ఇటూ అవుతాయి.

అందుకని పాత విండోస్ లేస్తుండగానే, అను ఫైళ్లన్నీ తెరిచి పీడీఎఫ్‌లుగా మార్చాం. విండోస్ 10లో ప్రింట్ ఆదేశం ఇచ్చినప్పుడు వచ్చే ప్రింటర్ల జాబితాలోనే పీడీఎఫ్‌గా దాచేది ఉంటుంది. పీడీఎఫ్‌లో అక్షరం ఉన్నది ఉన్నట్టు నిలుస్తుంది, ఏ యంత్రంలోనైనా చదవవచ్చు. ముఖ్యమైన జాబితాలను మాత్రం కన్వర్టరుతో యూనికోడ్‌లోకి మార్చి, వత్తులు తప్పినచోట చేత్తో దిద్దాం. పిల్లల పేర్లలో ఒక వత్తు పోతే రేపు సర్టిఫికెట్‌తో సరిపోదు, ఆ తిప్పలు మనకు కొత్తా? ఈ పనికే రెండు నెలలు పట్టింది. మొత్తం వ్యవహారంలో ఎక్కువ కాలం తిన్నది ఇదే, ఎక్కువ ఉపయోగపడిందీ ఇదే.

ఆ తర్వాతే స్క్రూడ్రైవరు పట్టుకున్నాం. పాత హార్డ్‌డిస్కును తుడవలేదు. ఊడదీసి, కవరులో పెట్టి, తేదీ రాసి బీరువాలో పెట్టాం. దాని స్థానంలో 240 జీబీ ఎస్‌ఎస్‌డీ బిగించాం. ఇంతకంటే మంచి బ్యాకప్ లేదు. ఏది చెడినా పాత డిస్కు మళ్లీ తగిలిస్తే నిన్నటి కంప్యూటరు వచ్చేస్తుంది. ఒక సభ్యుడి కొడుకు ఇలా చేయక నష్టపోయాడు. ఇన్‌స్టలేషన్ మధ్యలో "ఈ డిస్కులో ఎంబీఆర్ పట్టిక ఉంది, ఇక్కడ ఎక్కించలేను" అన్న అర్థం వచ్చే సందేశం వచ్చింది. ఎవరో వీడియోలో చెప్పారని భాగాలన్నీ డిలీట్ చేశాడు. పెళ్లిఫోటోలు, పొలం పత్రాల స్కాన్లు డీ డ్రైవులో ఉన్నాయిలే అనుకున్నారు. సీ, డీ రెండూ ఒకే డిస్కులో గీసిన గీతలని అప్పుడు తెలిసింది. నిజానికి ఆ సందేశానికి మందు చాలా చిన్నది. బూట్ మెనూలో ఒకే పెన్‌డ్రైవ్ రెండుసార్లు కనబడుతుంది, ఒకటి యూఈఎఫ్‌ఐ అన్న మాటతో, ఇంకొకటి ఆ మాట లేకుండా. పాత డిస్కు అలాగే ఉండాలంటే రెండోది ఎంచుకోవాలి. యూఈఎఫ్‌ఐకే మారాలనుకుంటే, ఉన్నవి చెరగకుండా పట్టికను మార్చే ఎంబీఆర్2జీపీటీ అనే పనిముట్టు విండోస్ 10లోనే ఉంది. అది వాడే ముందు కూడా కాపీ తీసుకోవాల్సిందే.

కొత్త ఎస్‌ఎస్‌డీలో మేము ఎక్కించింది లైనక్స్ మింట్ 22, అందులో తేలికైన ఎక్స్‌ఎఫ్‌సీఈ కూర్పు. ఉచితం, 2029 వరకు అప్‌డేట్లు వస్తాయి, 2 జీబీ ర్యామ్ ఉన్నా నడుస్తుంది, 4 ఉంటే హాయి. దీనిలో మాకు నచ్చిన గుణం, డిస్కును ముట్టుకోకుండా పెన్‌డ్రైవ్ మీదే నడిపి చూసుకోవచ్చు. పెళ్లిచూపుల్లాంటిదన్నమాట. శబ్దం వస్తోందా, వైఫై అందుకుంటోందా, ప్రింటరు కదులుతోందా అని చూసుకుని నచ్చితేనే ఎక్కించుకోవచ్చు. ప్రింటరు తప్పకుండా చూడండి, కొన్ని పాత లేజర్ ప్రింటర్లు దీనికి లొంగవు.

మాకూ సాఫీగా ఏం జరగలేదు. మొదటిసారి తెర నల్లగా ఉండిపోయింది. పాత గ్రాఫిక్స్ ఉన్నచోట ఇది మామూలేనట, మొదటి మెనూలో కంపాటిబిలిటీ మోడ్ అన్న వరస ఎంచుకుంటే తెర వెలిగింది. తర్వాత వైఫై కనబడలేదు. సెల్‌ఫోనును కేబుల్‌తో తగిలించి యూఎస్‌బీ టెథరింగ్ పెట్టి, ఆ ఇంటర్నెట్‌తో డ్రైవర్ మేనేజర్ తెరిస్తే కావాల్సిన డ్రైవరును అదే చూపించింది.

మమ్మల్ని రెండు రోజులు ఏడిపించింది మాత్రం వేరే. ఏ వెబ్‌సైటు తెరిచినా భద్రత లేదని ఎర్రజెండా. కొత్త వ్యవస్థను తిట్టుకున్నాం, మళ్లీ మొదటినుంచి ఎక్కించాం, అదే తంతు. చివరికి తెర మూలన ఉన్న తేదీ మీద చూపు పడింది. కంప్యూటరు ఇంకా 2014లోనే ఉంది. వెబ్‌సైట్ల భద్రతా పత్రాలకు తేదీలుంటాయి, యంత్రం తేదీ తప్పయితే అవి చెల్లవు. మదర్‌బోర్డు మీద నాణెంలా ఉండే సీఆర్2032 బ్యాటరీ అయిపోవడమే కారణం. నలభై రూపాయలకు కొత్తది వేశాం. పదేళ్లు దాటిన ఏ కంప్యూటరులోనైనా ముందు ఈ బ్యాటరీ మార్చి, ఆ తర్వాతే మిగతా పని మొదలుపెట్టండి. అది చచ్చినప్పుడు బయోస్ సెట్టింగులు కూడా చెరిగి, నిన్నటిదాకా కనబడిన డిస్కు ఇన్‌స్టలర్‌కు కనబడకుండా పోయిన సందర్భాలూ ఉన్నాయి.

ఒకే యంత్రంలో విండోస్, లైనక్స్ రెండూ ఉంచుకునేవారికి గడియారం సరిగ్గా అయిదున్నర గంటలు తేడా చూపిస్తే బెదరకండి, అది బ్యాటరీ తప్పు కాదు. విండోస్ మన దేశ సమయాన్ని యంత్రంలో రాస్తుంది, లైనక్స్ గ్రీన్‌విచ్ లెక్కలో రాస్తుంది. లైనక్స్‌ను స్థానిక సమయం రాయమనే సెట్టింగు ఒకటుంది, ఒక్కసారి మారిస్తే చాలు.

తెలుగు టైపింగు సంగతి. కీబోర్డు లేఅవుట్లలో తెలుగు చేర్చుకుంటే ఇన్‌స్క్రిప్ట్ వస్తుంది, విండోస్‌లో దానికి అలవాటుపడిన వేళ్లకు కొత్త పాఠం అక్కర్లేదు. ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు కొట్టేవారికి ఆర్‌టీఎస్ పద్ధతిని విడిగా చేర్చుకోవాలి. అను మాత్రం ఇందులో రాదు. ఇంకా అనులోనే సావనీరు చేసే మా టైపిస్టు కోసం, ఇంటర్నెట్ తీగ తీసేసిన పాత విండోస్ యంత్రం ఒకటి అలాగే ఉంచాం. అది రాజీయే, కాదనం. ఇప్పుడు ఆఫీసు కంప్యూటరులో "తమిళ పరీక్ష" అని తెలుగులో కొడితే యూనికోడ్‌లోకి మార్చిన జాబితాలన్నీ వరుసగా వస్తున్నాయి. అనులో ఉన్నంతకాలం ఇది సాధ్యం కాలేదు.

ఆదివారం ఉదయం పది నుంచి ఒంటిగంట దాకా కార్యాలయంలో మింట్ పెన్‌డ్రైవ్ తయారు చేసి ఇస్తున్నాం. మింట్ ఫైలు సుమారు 3 జీబీ, కాబట్టి 8 జీబీ పెన్‌డ్రైవ్ చాలు. దయచేసి ఖాళీది తీసుకురండి. తయారు చేసేటప్పుడు అందులో ఉన్నవన్నీ చెరిగిపోతాయి, పోయినవారం ఒకాయన మనవరాలి నామకరణం ఫోటోలున్నదే తెచ్చారు, ఆఖరి నిమిషంలో ఆపాం.