లెక్క చేయడం వేరు, గ్రహించడం వేరు

సంగారెడ్డి సమీపంలోని కందిలో ఐ.ఐ.టి. హైదరాబాద్ ఉన్నది. 2008లో ఆరంభమైన ఈ విద్యాసంస్థ తొలినాళ్ళలో ఎద్దుమైలారంలోని ఆయుధ కర్మాగార ప్రాంగణంలో నడిచింది. పటాన్‌చెరు పరిశ్రమలలో షిఫ్టులు చేసే తల్లిదండ్రులకు ఆ ద్వారం దగ్గరలోనే ఉన్నది. అక్కడికి చేర్చే దారి మాత్రం పోటీ పరీక్ష. అందుకే ఇంటి ఖర్చులు తగ్గించుకొని మరీ బిడ్డలను కోచింగ్‌కు పంపుతున్నారు. ఈ త్యాగం గొప్పదే. అయితే దాని వలన బిడ్డకు అబ్బుతున్నది గణితమా, కేవలం వేగమా అన్నది యోచించవలసిన విషయం.

రాష్ట్ర ఇంజనీరింగ్ ప్రవేశ పరీక్షలో 160 ప్రశ్నలకు 180 నిమిషాలు. వాటిలో 80 గణితానివే. సగటున ఒక్కో ప్రశ్నకు 67 సెకన్ల పైచిలుకు మాత్రమే. తప్పు జవాబుకు మార్కులు తగ్గించరు గనుక ఊహించి గుర్తించినా నష్టం లేదు. సూత్రం ఎలా పుట్టిందో ఆలోచించే వ్యవధి ఆ గదిలో ఉండదు. ఆ ఆలోచన అంతకుముందే తరగతిలో జరిగి ఉండాలి. కాని పదవ తరగతి గణితంలోని 14 అధ్యాయాలను పరుగున ముగించి, మిగిలిన కాలమంతా నమూనా పరీక్షలకే వెచ్చిస్తే అది జరిగేదెప్పుడు?

తొమ్మిదవ శతాబ్దపు బాగ్దాదులో అల్ ఖ్వారిజ్మీ ఒకే లెక్కపై ఎంత నిదానంగా నిలిచాడో చూడండి. ఒక సంఖ్య వర్గానికి ఆ సంఖ్య పది రెట్లు కలిపితే 39. ఆ సంఖ్య ఎంత? ఆయన ఒక చతురస్రం గీసి, రెండు ప్రక్కల 5 వెడల్పు గల దీర్ఘచతురస్రాలను చేర్చాడు. మూలలో మిగిలిన ఖాళీని 25తో పూరించాడు. మొత్తం 64, భుజం 8. అందులో 5 తీసివేస్తే 3. ఈ బొమ్మను స్వయంగా గీసి గ్రహించిన విద్యార్థి సూత్రం మరచినా తిరిగి నిర్మించుకోగలడు.

ఆయన గ్రంథంలో పెద్ద భాగం వారసత్వ పంపకాలకు సంబంధించినదే. మదర్సాలో ఫరాయిజ్ బోధించేటప్పుడు నేను తరచుగా గమనించే విషయమొకటి ఉన్నది. భార్య, ఒక కుమారుడు, ఒక కుమార్తె ఉన్నప్పుడు ఆస్తిని 24 భాగాలు చేసి భార్యకు 3, కుమారునికి 14, కుమార్తెకు 7 ఇవ్వాలి. భిన్నాలలో మంచి మార్కులు తెచ్చుకున్న పిల్లలు సైతం "24 ఎందుకు?" అంటే మౌనం వహిస్తారు. ఎనిమిదవ వంతు తీసివేసిన పిదప మిగిలినదానిని మూడు చేయాలి గనుక, ఎనిమిది మూళ్ళు ఇరవై నాలుగు. క.సా.గు. వారికి వచ్చు; అది ఎక్కడ అవసరమో తెలియదు. ఇది తెలియని ఇంట ఒక ఆడబిడ్డ హక్కుకే భంగం కలుగవచ్చు.

పరీక్షలను నిందించడం నా ఉద్దేశం కాదు. కార్మికుని బిడ్డకూ, అధికారి బిడ్డకూ ఒకే కొలబద్ద పెట్టడం న్యాయమే. కాని కొలబద్దను చూపి పైరును పెంచలేము కదా!

కనుక తల్లిదండ్రులారా, వారానికి ఒక్క లెక్కనైనా బిడ్డ చేత నోటితో వివరింపజేయండి. "ఇలా ఎందుకు చేశావు?" అని అడగడానికి మీకు గణితం రానవసరం లేదు. తడబడితే కోపగించకండి. ఆ తడబడిన చోటే అతనికి నేర్పవలసినది మిగిలి ఉన్నది. దానిని ఉపాధ్యాయుని దృష్టికి తీసుకువెళ్ళండి.