సెట్టు పోలేదు... ఎండిపోయింది!

మీ ఇంట్లో అటక మీద పాత దుప్పటి చుట్టిన స్టీరియో సెట్టు ఏమైనా ఉందా? 'ఈసారి పాత సామాన్లవాడు వస్తే ఇచ్చేద్దాం' అనుకుంటున్నారా? అయితే ఇచ్చేముందు ఇది చదవండి. ఏళ్లతరబడి మూగబోయినంత మాత్రాన సెట్టు పోయినట్టు కాదు. చాలాసార్లు అందులో పాడయ్యేది ఓ రబ్బరు ముక్కో, చిన్న కండెన్సరో. దానికోసం మనం పారేసేది మాత్రం మళ్లీ దొరకనిది కావచ్చు.

మాది రాజంపేట. మా కడప వైపు నుంచి కువైట్ వెళ్లినవాళ్లు ఎందరో. 1986లో మా చిన్నాన్న సెలవుకొస్తూ ఆంప్లిఫయర్, క్యాసెట్ డెక్, నడుమెత్తు స్పీకర్లు రెండు తెచ్చాడు. అప్పట్లో వీధిలో పెళ్లయినా, వినాయక చవితైనా పాట మా ఇంటిదే. తర్వాత సీడీలొచ్చాయి, ఫోన్లొచ్చాయి. సెట్టు అటకెక్కింది.

రెండేళ్ల కిందట నేను దాన్ని దించాను. పాటల కోసం కాదు. సెట్టుతోపాటు ఓ క్యాసెట్ కూడా అట్టపెట్టెలో ఉండిపోయింది. దానిమీద పెన్నుతో 'అమ్మ' అని రాసుంది. ఫోన్ చేయాలంటే బోలెడు ఖర్చయ్యే ఆ రోజుల్లో, గల్ఫ్‌లో ఉన్నవాళ్లకి ఇంట్లోవాళ్లు మాటలు రికార్డు చేసి పంపేవాళ్లు. అది మా అవ్వ చిన్నాన్నకి పంపిన క్యాసెట్. అవ్వ పోయి ఇరవై ఏళ్లు దాటింది. ఆమె గొంతు ఇంకెక్కడా లేదు.

ప్లగ్గు పెట్టకండి!

మా ఊరి పాత రేడియో మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లాను. డెబ్బై దాటిన మనిషి. సెట్టు చూడగానే ఆయన అడిగిన మొదటి మాట, "ప్లగ్గు పెట్టినావా?" లేదన్నాను. "బతికించినావు" అన్నారు.

ముందు వెనకవైపు రాసున్న వోల్టేజీ చూశారు. మన ఇళ్లలో కరెంటు 230 వోల్టులు. కువైట్‌లో 240, కాబట్టి మాకు ఇబ్బంది లేదు. అదే జపాన్ నుంచి తెచ్చినదైతే 100, అమెరికాదైతే 120. వాటిని నేరుగా మన ప్లగ్గులో పెడితే ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోతుంది. స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కావాలి. కొన్ని సెట్లకి వెనక వోల్టేజీ మార్చే స్విచ్ ఉంటుంది, అదీ చూసుకోవాలి.

తర్వాత సిరీస్ బోర్డు తీశారు. పాత 100 వాట్ల ఫిలమెంట్ బల్బుని సెట్టుకి సిరీస్‌లో కలిపే బోర్డు అన్నమాట. లోపల ఎక్కడైనా షార్ట్ ఉంటే బల్బు ధగధగా వెలుగుతుంది, సెట్టు కాలిపోదు. అంతా బాగుంటే ఒక్కసారి మెరిసి డిమ్మయిపోతుంది. మాది మెరిసి తగ్గింది. ఆయన నవ్వి, "సెట్టు పోలేదు నాయనా, ఎండిపోయింది" అన్నారు.

ఎండిపోయేవి నాలుగు

ఆ మాట నాకు బాగా నచ్చింది. సెట్టు విప్పాక అర్థం కూడా అయింది. ఇనుము, రాగి, ట్రాన్సిస్టర్లు దశాబ్దాలు ఉంటాయి. వయసు మీదపడేది మిగతావాటికే.

ఒకటి, రబ్బరు బెల్టు. క్యాసెట్ డెక్‌లో మోటారు తిరిగితే చక్రాన్ని తిప్పేది ఇదే. మా డెక్‌లో బెల్టు కరిగి నల్లటి పాకంలా అంటుకుపోయింది. స్పిరిట్ ముంచిన దూదితో తుడవడానికే గంట పట్టింది. పాత బెల్టు పొడవు, మందం కొలుచుకుంటే కొత్తది తేలిగ్గానే దొరుకుతుంది.

రెండు, గ్రీజు. గట్టిపడి జిగురవుతుంది. బటన్ నొక్కితే కదలదు. బలంగా నొక్కితే ప్లాస్టిక్ విరుగుతుంది. అందుకే బలం వద్దు. పాతది శుభ్రం చేసి కొత్తది కొద్దిగా రాయాలి.

మూడు, కండెన్సర్లు. పుస్తకాల్లో కెపాసిటర్లు అని చదువుకున్నవే. ఎలక్ట్రోలైటిక్ రకంలో లోపల ద్రవం ఉంటుంది. ఏళ్ల వేడికి అది ఎండితే స్పీకర్లో గుంయ్‌మని హమ్ వస్తుంది. కొత్తది వేసేటప్పుడు మైక్రోఫారడ్ విలువ అదే ఉండాలి, వోల్టేజీ అంతకు తగ్గకూడదు, ప్లస్ మైనస్ తారుమారు కాకూడదు.

నాలుగు, స్పీకర్ చుట్టూ ఉండే ఫోమ్. మన గాలి తేమకి అది పొడిపొడిగా రాలిపోతుంది. స్పీకర్ పోయిందనుకుంటాం. నిజానికి కోన్, కాయిల్ బాగుంటే ఫోమ్ రింగ్ ఒక్కటి మార్చి అతికిస్తే చాలు. రబ్బరు, గుడ్డ అంచులున్న స్పీకర్లు ఇంకా ఎక్కువ కాలం ఉంటాయి.

ఇవి కాక దుమ్ము. వాల్యూమ్ తిప్పితే కరకరమందంటే కాంటాక్ట్ క్లీనర్ కొట్టి, ఆ నాబ్‌ని అటూఇటూ ఓ ఇరవై సార్లు తిప్పితే చాలాసార్లు సర్దుకుంటుంది.

మీరు చేయకూడనివి

ప్లగ్గు తీసేసినా పెద్ద కండెన్సర్లలో ఛార్జ్ మిగిలే ఉంటుంది. రెసిస్టర్‌తో దాన్ని దించేదాకా మెకానిక్ లోపల వేలు పెట్టలేదు. వాల్వ్ సెట్లయితే లోపల వందల వోల్టులుంటాయి, యూట్యూబ్ చూసి వాటి జోలికి అస్సలు వెళ్లొద్దు. ఫ్యూజు పోతే దాని చోట సిగరెట్ పెట్టెలోని వెండి కాగితం చుట్టే పాత అలవాటు ఒకటుంది. అది ఇల్లు కాల్చే పని.

బయట తుడవడం, హెడ్ శుభ్రం చేయడం, నాబ్‌లు క్లీన్ చేయడం మనం చేసుకోవచ్చు. అదీ ప్లగ్గు తీసేశాకే. సోల్డరింగ్ దగ్గర్నుంచి తెలిసినవాళ్లకి వదిలేయండి. హైదరాబాద్‌లో ఉంటే విడిభాగాలకి కోఠి గుజరాతీ గల్లీలో అడగొచ్చు. పాత సెట్లు కొనాలనుకుంటే ఆదివారం ఎర్రగడ్డ సంతలో వెతకొచ్చు. కానీ పాట వినిపించకుండా అమ్మే సెట్టుని, ఎంత మెరిసినా, కొనకండి.

గొంతు మారకూడదు

డెక్ తిరగడం మొదలయ్యాక నేను అవ్వ క్యాసెట్ పెట్టబోతే ఆయన చెయ్యి అడ్డం పెట్టారు. "ముందు పనికిరాని క్యాసెట్ పెట్టు. నమిలితే దాన్ని నమలనీ."

క్యాసెట్ టేపు సెకనుకి 4.76 సెంటీమీటర్ల వేగంతో నడవాలి. 1963లో ఫిలిప్స్ తెచ్చినప్పటి నుంచీ లెక్క అదే. వేగం తగ్గితే గొంతు బొంగురుపోతుంది, పెరిగితే కీచుమంటుంది. అంటే సెట్టు పలికినా, పలికేది మా అవ్వ కాదు. దీన్ని సరిచేయడానికి నా ఫోన్ పనికొచ్చింది. ఒక సినిమా పాట క్యాసెట్ డెక్‌లో, అదే పాట ఫోన్‌లో పెట్టాం. మోటారు వెనకున్న చిన్న స్క్రూ తిప్పుతూ రెండు శ్రుతులూ కలిసేదాకా వేగం సర్దాం.

అవ్వ క్యాసెట్‌లో బూజు లేదు. టేపుని హెడ్‌కి ఆనించే చిన్న ప్యాడ్ ఊడిపోయింది. ఇంకో క్యాసెట్‌లోంచి తీసి వేశాం. హెడ్‌ని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచాం. డెక్ నుంచి వైరు లాప్‌టాప్‌కి కలిపి, మొదటిసారి ప్లే చేసినప్పుడే రికార్డు చేసుకున్నాం. రెండో అవకాశం టేపు ఇస్తుందో లేదో!

కువైట్ దూరం కదా, అవ్వ గట్టిగా అరిచి మాట్లాడింది. ఎనుము ఈనిందని, దూడ పాలు తాగుతోందని చెప్పింది. మధ్యమధ్యలో ఆగి "వినపడతాందా నాయనా?" అని అడిగింది. పక్కన కూర్చున్న మా చిన్నాన్నకి ఇప్పుడు అరవై నాలుగు. నేల చూస్తూ "ఆఁ... వినపడతాంది మా" అన్నాడు.

మొత్తం ఖర్చు 1,800 రూపాయలు. అందులో కూలి తక్కువే. ఎక్కువ తీసుకోమన్నా ఆయన తీసుకోలేదు.

ఇక ముందు

బాగయ్యాక మళ్లీ అటక ఎక్కించకండి. వారానికోసారి గంటసేపు వాడితే బెల్టు ఒకేచోట వంగి ఉండిపోదు, స్విచ్‌లు పట్టేయవు. ఆంప్లిఫయర్ మీద గుడ్డలు కప్పి వాడొద్దు, వేడి బయటికి పోవాలి. క్యాసెట్లని స్పీకర్ల మీద పెట్టొద్దు, లోపలున్న అయస్కాంతం రికార్డింగ్‌ని చెరుపుతుంది. రికార్డు ప్లేయరైతే అరిగిన ముల్లుతో వినొద్దు, డిస్కు గాడి పాడవుతుంది. దాన్ని ఆంప్లిఫయర్‌లో 'ఫోనో' అని రాసున్న చోటే కలపాలి.

అన్నిటికంటే ముఖ్యం, ఆలస్యం చేయొద్దు. టేపుకీ వయసవుతోంది, సెట్టుకీ వయసవుతోంది. వాటిని చెవితో విని జబ్బు చెప్పే మెకానిక్‌లకి ఇంకా ఎక్కువ అవుతోంది. మా ఊరాయన దగ్గర పని నేర్చుకున్న కుర్రాళ్లంతా ఇప్పుడు సెల్‌ఫోన్ రిపేర్లలో ఉన్నారు. ఆయన షాపు ఇప్పుడు పొద్దున పూట మాత్రమే తీస్తున్నారు. మీ ఊళ్లో అలాంటివాళ్లు ఎవరైనా ఉంటే, ఈ పండక్కి ఇంటికెళ్లినప్పుడే సెట్టు దించి తీసుకెళ్లండి. పొద్దున్నే వెళ్లండి.