సీసాలోకి రాని వగరు

నేరేడు పండు తిన్నాక నాలుక పీక్కుపోయినట్టు అవుతుంది. పండులోని టానిన్లు లాలాజలంలోని ప్రొటీన్లను పట్టి బిగించేయడమే ఆ వగరుకు కారణం. చర్మం మీదా వాటి పని అదే: పైపొరను కాసేపు బిగించి, చెమ్మను తగ్గిస్తాయి. మొహానికి రాసుకునే టోనర్లలో ఇందుకు పేరుమోసిన మొక్క విచ్ హేజెల్. ఉత్తర అమెరికా తూర్పు అడవుల్లో పెరిగే ఈ పొద, ఆకులు రాలే అక్టోబరు, నవంబరుల్లో, సన్నటి రిబ్బను పేలికల్లాంటి పసుపు రేకులతో పూస్తుంది. అక్కడి ఆదివాసులు దాని బెరడును, కొమ్మలను మరిగించి ఆ కషాయాన్ని వాపులకు వాడేవారు. 1846లో న్యూయార్క్ రాష్ట్రంలో థెరాన్ పాండ్ దాన్ని సరుకుగా మార్చి అమ్మకానికి పెట్టాడు. మనకు క్రీములతో, పౌడరు డబ్బాలతో పరిచయమైన పాండ్స్ పేరు ఆయనదే.

అయితే బెరడులో ఉన్న వగరు సీసాలోకి వస్తోందా అంటే, చాలావరకు రావడం లేదు. మార్కెట్లో ఎక్కువగా దొరికేది కషాయం కాదు, ఆవిరి పట్టి చల్లార్చిన బట్టీ నీరు. టానిన్లు బరువైన అణువులు, ఆవిరితో పైకి లేవవు. కొద్దిపాటి సుగంధ ద్రవ్యాలు మాత్రమే లేస్తాయి. మిగతాదంతా బట్టీ అడుగునే. టానిన్ కావాలంటే నానబెట్టాలి, లేదా మరిగించాలి. కలంకారీ బట్టను కరక్కాయ, పాలు కలిపిన నీళ్లలో ముంచే శ్రీకాళహస్తి పనివాళ్లకు ఇది ఎవరూ చెప్పక్కర్లేదు. ఇక బట్టీ నీరు పాడవకుండా దాదాపు 14 శాతం ఆల్కహాల్ కలుపుతారు. దూదితో తుడుచుకోగానే చల్లగా తగిలి చర్మం లాగినట్టు ఉండేది ఎక్కువగా దాని చలవే.

అమెరికా ఔషధ నియంత్రణ సంస్థే విచ్ హేజెల్‌ను ఆస్ట్రింజెంటుగా, అంటే చర్మాన్ని బిగించే మందుగా ఒప్పుకుంది కదా అనవచ్చు. ఒప్పుకున్న మాట నిజమే, కానీ పురుగు కాట్లు, చిన్న గీరుడు గాయాల మంట తగ్గించడానికి. ‘చర్మ రంధ్రాలు మూసుకుపోతాయి’ అన్న ప్రచారానికి అది ముద్ర కాదు; తెరుచుకుని మూసుకోవడానికి ఆ రంధ్రాలకు కండరాలే లేవు. తరతరాలుగా వాడారన్న వాదన ఇంకా బలమైనదే, కాకపోతే వాళ్లు వాడింది కషాయం. ఆ గొప్పను బట్టీ నీటికి అంటగట్టడం సబబు కాదు. ఆల్కహాల్ లేని రకాలూ వస్తున్నాయి, చర్మానికి అవి మేలే. టానిన్ లోటు మాత్రం అలాగే ఉంటుంది. కొనేముందు సీసా వెనక చూడండి: ‘హమామెలిస్ వాటర్’ (హమామెలిస్ అంటే విచ్ హేజెల్ శాస్త్రీయ నామం) అని ఉంటే సాధారణంగా బట్టీ నీరే, ‘బార్క్ ఎక్స్‌ట్రాక్ట్’ అని ఉంటే బెరడు సారం. పొడి చర్మం ఉన్నవాళ్లు ఆల్కహాల్ ఉన్నదాన్ని ముట్టకపోవడమే మంచిది.